కలెక్టరేట్ దగ్గరి టైపు దుకాణం: అర్జీ రాయించుకోవడానికి వెళ్లవచ్చా?

తిరుపతి కలెక్టరేట్ పరిసరాల్లో జిరాక్సు దుకాణాలకు కొదవ లేదు. నేను చెప్పేది వాటిలో బాగా ఇరుకైనది. బోర్డు మీద ‘జాబ్ టైపింగ్, జిరాక్స్, లామినేషన్’ అని తప్ప అర్జీలు రాస్తారని ఎక్కడా ఉండదు. లోపల తెల్లచొక్కా పెద్దాయన ఒకరు, ఆయన చెబుతుంటే టైపు చేసే కుర్రాడు ఒకడు. ఎమ్మెల్యేకో ఎంపీకో ఉత్తరం రాయించాలని ఎవరైనా అడిగితే నేను అక్కడికే పంపుతాను, నాకు ఒకటి రెండు ఫిర్యాదులున్నా సరే.

తిరుచానూరులో నాది పసుపు కుంకుమల అంగడి. మా స్టేషనులో మరికొన్ని రైళ్లు ఆగితే అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్లు తిరుపతి దాకా వెళ్లి ఆటోలో వెనక్కి రావలసిన పని ఉండదు, మాకూ నాలుగు బేరాలు తగులుతాయి. ఆ మాట మీద మా వీధి వ్యాపారులు తయారుచేసిన చిత్తుప్రతి పట్టుకెళ్లాను. అందులో రైళ్లతో పాటు మురుగు కాలువ, వీధి దీపాలు, ఎవరిదో ఆగిపోయిన పింఛను కూడా చేరాయి. పైన తిరుపతి ఎంపీ గారి పేరు.

పెద్దాయన పెన్సిలుతో మొదట ఆ పేరే కొట్టేశారు. “అమ్మా, మీ జిల్లా తిరుపతే, కలెక్టరూ తిరుపతే. ఓటు మాత్రం చంద్రగిరి అసెంబ్లీకి, చిత్తూరు లోక్‌సభకు వేస్తారు. చిత్తూరు ఎంపీకి రాయాలి” అన్నారు. 2022లో జిల్లాలు విడిపోయాయి గాని నియోజకవర్గాల హద్దులు కదల్లేదు మరి. మా వీధిలో రాజకీయాలు అనర్గళంగా మాట్లాడేవాళ్లెవరికీ ఇది తట్టలేదు.

కాలువ, దీపాలు, పింఛను వేరువేరు కాగితాల మీద రాసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చుకోమన్నారు. మిగిలింది రైలు. ‘అన్ని రైళ్లూ ఆపాలి’ అన్న వాక్యం చూసి ఆయన నవ్వలేదు గాని ఒప్పుకోనూ లేదు. ఏ బండి, ఎన్ని గంటలకు, ఎక్కేదెవరు, దిగేదెవరు అని గుచ్చి గుచ్చి అడిగి రెండు బండ్లకు కుదించారు. గుంతకల్లు రైల్వే డివిజన్ మేనేజరుకు ఒక నకలు పంపమన్నారు. లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే 15 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాలు మొదలయ్యాక ఉత్తరం చేరితే ఆలస్యమైపోవచ్చని తొందరపెట్టారు. ఎంపీ నిధులు ఏటా 5 కోట్లు ఉంటాయి కదా, ఒక షెడ్డు కూడా అడుగుదామన్నాను. అది ఎంపీ సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం మంజూరు చేయవలసిన పని, వేరే ఉత్తరం రాయాలన్నారు. వేరే ఉత్తరమంటే మరో 60 రూపాయలు. న్యాయమైన సలహాలోనూ కాస్త వ్యాపారం ఉంటుంది, అంగడి నడిపేదాన్ని, ఆ మాత్రం తెలియదా!

ఇక ఫిర్యాదులు. పెద్దాయనకు ‘మ.రా.రా.శ్రీ’ (మహారాజ రాజశ్రీ) అనే పాతకాలపు గౌరవ సంబోధన లేనిదే ఉత్తరం మొదలు కాదు. తీసేయమంటే ముఖం ముడుచుకున్నారు, చివరికి తీశారు. కుర్రాడు చేతివేగం చూపిస్తాడు గాని దీర్ఘాలు మింగేస్తాడు. మా ఊరిని ‘తిరుచానురు’ చేశాడు. సరిచూడకుండా సంతకం పెట్టవద్దు. రైల్వేవారి కోసం ఇంగ్లీషు ప్రతి కావాలంటే రెట్టింపు తీసుకుంటారు, పైగా మర్నాడు రమ్మంటారు.

ఎంపీ కార్యాలయం నుంచి, మా విన్నపాన్ని రైల్వేకు పంపామని చిన్న జవాబు వచ్చింది. బండి ఇంకా ఆగలేదు. దాన్ని టైపు దుకాణం ఖాతాలో రాయలేను.

సోమవారం మాత్రం వెళ్లకండి, వేదికకు వచ్చేవాళ్లతో గడప దాటలేరు. సంతకాలు పెట్టేవాళ్లను వెంట తీసుకెళితే మంచిది. వేలిముద్ర వేసేవాళ్లకు ఇంకు ప్యాడు ఇస్తారు, దానికి మాత్రం డబ్బులడగరు.