రాణిగంజ్ లేత్ షాపులో చేయించిన హైవే ఫుట్‌రెస్టులు: 1,650 రూపాయల పని ఎలా ఉంది?

నాది ఆరడుగుల ఎత్తు, బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ఎల్బీనగర్ నుంచి సూర్యాపేటకు అమ్మానాన్నల దగ్గరికి బండి మీదే వెళ్లొస్తుంటాను. నార్కట్‌పల్లి చేరేసరికి కుడి మోకాలు పట్టేస్తుంది. మధ్యమధ్యలో కాళ్లు కాస్త ముందుకు చాపుకునే వీలుంటే ఆ నొప్పి రాదు. అందుకే లెగ్ గార్డుకు (బండి ముందు అడ్డంగా ఉండే ఇనప పైపుకు) బిగించుకుని, ఎత్తు మార్చుకునే ఫుట్‌రెస్టుల కోసం వెతికాను.

రెడీమేడ్‌లో మంచి జత కావాలంటే మూడు వేలు దాటుతోంది. తక్కువ ధరవి షాపులో చేత్తో పట్టుకుని చూశాను. రెండు నున్నటి బిళ్లలు, మధ్యలో ఒకే బోల్టు. ఎంత బిగించినా ఆ బిళ్లల మధ్య రాపిడి మీదే మన కాలి బరువంతా ఆగాలి. గతుకుల రోడ్డు మీద గంటసేపు పోతే మెల్లగా కిందికి తిరిగిపోతుంది. అది నాకు నచ్చక, సొంతంగా చేయిద్దామని సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వెళ్లాను.

బస్ డిపో వైపు గల్లీలో బోర్డు లేని చిన్న లేత్ షాపు. నడిపే పెద్దాయన్ని అక్కడి కుర్రాళ్లు ఉస్తాద్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. కాగితం మీద గీసుకెళ్లిన బొమ్మ చూపిస్తే ఆయన దాన్ని పక్కన పెట్టి, "ముందు బండెక్కి కూసో సార్, కాలు యాడికొస్తదో సూద్దాం" అన్నారు. సెంటర్ స్టాండ్ వేసి, నన్ను కూర్చోబెట్టి, కాళ్లు హాయిగా చాపమని, మడమ ఆగిన చోట గార్డు మీద చాక్‌పీసుతో గీత పెట్టారు. ఆ తర్వాత హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశారు. కుడివైపు సైలెన్సర్ బెండ్‌కీ నా బూటుకీ ఎంత సందు ఉంటుందో కూడా కొలిచారు. నేను డబ్బు ఇచ్చింది ముఖ్యంగా ఈ పరీక్షకే అనిపిస్తుంది.

గార్డు పైపు మందం నేను చెప్పబోతే వినకుండా వెర్నియర్ తెచ్చి మూడు చోట్ల కొలిచారు. వంపు దగ్గర పైపు గుండ్రంగా ఉండదు, వంచినప్పుడు కాస్త నొక్కుకుపోతుంది. అక్కడ క్లాంపు, అంటే పైపును చుట్టి పట్టుకునే పట్టీ, వేస్తే రెండు చోట్లే ఆనుతుంది, ఎంత బిగించినా కదులుతుంది. అందుకే చాక్ గీతను రెండంగుళాలు పైకి జరిపి, పైపు తిన్నగా ఉన్న చోటుకు మార్చారు.

క్లాంపు ఇనప రాడ్డు నుంచి కోసి, లోపల బోర్ వేసి, రెండు ముక్కలు చేశారు. బిగించాక ఆ రెండు ముక్కల మధ్య దాదాపు రెండు ఎంఎం సందు మిగిలింది. నాకది పనిలో లోపంలా కనిపించి అడిగాను. ముక్కలు రెండూ ఒకదాన్నొకటి తాకితే బోల్టు బలం వాటి మీదే ఖర్చయిపోతుంది, పైపు మీద పట్టు ఉండదట. సందు ఉంటేనే పైపును నొక్కి పట్టుకుంటుంది. మీరు ఎక్కడ చేయించినా ఈ ఒక్కటి తప్పకుండా చూసుకోండి. పైపు గీసుకుపోకుండా లోపల పాత స్కూటర్ ట్యూబు ముక్క పల్చగా వేశారు. మందపాటి రబ్బరు వద్దన్నారు, అది రోజులు గడిచేకొద్దీ నొక్కుకుపోయి బోల్టు వదులవుతుంది.

ఇక ఎత్తు మార్చుకునే భాగం. 6 ఎంఎం ప్లేటుకు ఒక చివర తిరగడానికి ఒక బోల్టు, దాని చుట్టూ విల్లులా వంగిన వరుసలో ఐదు రంధ్రాలు. రెండో బోల్టును కావలసిన రంధ్రంలో వేసి బిగిస్తాం. ఒక రంధ్రం మారిస్తే ఫుట్‌రెస్టు ముప్పావు అంగుళం పైకో కిందికో జరుగుతుంది. కాలి బరువు ఇక్కడ రాపిడి మీద కాదు, నేరుగా బోల్టు మీదే పడుతుంది, కాబట్టి జారే ప్రశ్నే లేదు. బోల్టులు గట్టిదనం ఎక్కువుండే 8.8 గ్రేడువి, ఆ అంకె తల మీదే ఉంటుంది. నట్లు లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్‌వి, అదురుకు వదలవు.

కాలు పెట్టుకునే ముక్కలు పుత్లీబౌలిలో నేనే కొన్నాను, స్ప్రింగుతో మడతపడే మామూలు ఫుట్‌రెస్టులు. మడతపడనివి అసలు వద్దు. బండి మలుపులో వాలినప్పుడు నేలకు తగిలితే అది పైకీ వెనక్కీ మడతపడాలి, లేకపోతే టైరును రోడ్డు మీద నుంచి లేపేస్తుంది. ఉస్తాద్ బిగించాక అరచేత్తో కొట్టి, అవి ఎటు మడతపడుతున్నాయో నాకు చూపించాకే బండి ఇచ్చారు.

ఖర్చు: ఫుట్‌రెస్టుల జత 340, క్లాంపులు రెండూ 700, ప్లేట్లు 300, బోల్టులూ నట్లూ 110, పక్క గల్లీలో పౌడర్ కోటింగ్ 200.

నచ్చనివీ ఉన్నాయి. సాయంత్రానికి ఇస్తానన్న పని రెండు రోజులు పట్టింది. రంధ్రాల అంచులు గీకకుండా కోటింగ్‌కు పంపేశారు, అందుకే మొదటి వానాకాలానికే అక్కడ తుప్పు పట్టింది. ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) ప్లేటు కాబట్టి తుప్పు సహజమే గానీ, ఐదు నిమిషాలు ఫైలు పడితే ఇంత రాకపోయేది. వెల్డింగ్ చుక్కలు కూడా వేలికి తగులుతున్నాయి. బండిని పక్కన ఆపి అందరూ చూడాలనుకునేవాళ్లకు ఈ పని నచ్చదు.

నేను మాత్రం ఆ షాపుకు మళ్లీ వెళ్తాను. నా ముందే ఒక కుర్రాడు ఫుట్‌రెస్టులను నేరుగా ఛాసిస్‌కు (బండి అసలు ఫ్రేముకు) వెల్డ్ చేయమని అడిగితే, ఎక్కువ డబ్బు ఇస్తానన్నా ఉస్తాద్ ఒప్పుకోలేదు. వెల్డింగ్ వేడికి జాయింటు పక్కన లోహం బలం మారుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. పైగా బండి అసలు నిర్మాణాన్ని మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. రెండు స్పానర్లతో విప్పేసే క్లాంపుకు ఆ టెన్షన్ లేదు.

వాడకం గురించి ఒక మాట. వీటి మీద కాళ్లుంటే వెనక బ్రేకూ గేరూ దూరమవుతాయి. నేను పెద్ద అంబర్‌పేట దాటి, ముందు రోడ్డు ఖాళీగా కనిపించాకే కాళ్లు చాపుతాను. ఊరు వస్తోందనగానే తీసేస్తాను. సిటీలో మడిచే ఉంచుతాను, లేకపోతే దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో పక్కవాళ్ల పిక్కలకు తగులుతాయి. నెలకోసారి బోల్టులకు స్పానర్ పెట్టి చూస్తాను. మోకాలు ఇప్పుడు సూర్యాపేట దాకా పేచీ పెట్టడం లేదు.

వెళ్లాలనుకుంటే బండితోనే వెళ్లండి, గార్డు విప్పి పట్టుకెళ్తే ఆయన కొలవరు. ఆదివారం షట్టర్ మూసే ఉంటుంది. మా ఆవిడ కోసం వెనక సీటు ఫుట్‌రెస్టులు కూడా కిందికి దించమని అడిగాను, వద్దనేశారు. బండెక్కేటప్పుడు మనిషి బరువంతా ఒక్క కాలితో దాని మీదే పడుతుంది, కంపెనీ ఇచ్చిన పట్టీని తాను ముట్టుకోనన్నారు.