పాత నాస్కార్ కారు వేలంలో కొనేవాళ్లకు హెచ్చరిక: రంగు చూసి పాట పెంచకండి

నార్త్ కరోలినాలో షార్లెట్, కాన్‌కార్డ్, మూర్స్‌విల్ వైపు ఉండే మనవాళ్లలో కొందరికి ఈ మధ్య పాత నాస్కార్ (అమెరికాలో పెద్ద కార్ రేసుల పోటీ) కార్ల మీద మోజు పెరిగింది. తప్పేం లేదు, పెద్ద టీముల షాపులు చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి, ఆఫీసుకి వెళ్లే దారిలోనే కనిపిస్తుంటాయి. కానీ వేలం కేటలాగ్‌లో "ఫలానా డ్రైవర్ నడిపిన అసలు కారు" అని కనిపిస్తే చెయ్యి ఎత్తే ముందు ఇది చదవండి. మా బావమరిది అలాంటిదే ఒకటి పాడుకున్నాడు, ఇంటి డౌన్‌పేమెంట్‌కి సరిపడా డబ్బు పోసి. తీరా చూస్తే అది ఆ కారు కాదు. వేలం సంస్థ పేరు, అమ్మినవాడి పేరు ఇక్కడ రాయను, వ్యవహారం లాయర్ దగ్గర నడుస్తోంది. ఆ కారు మాత్రం మళ్లీ అమ్మకానికి రాబోతోందని తెలిసింది, అందుకే ఈ పోస్టు.

కేటలాగ్‌లో ఏం రాశారంటే: నల్ల షెవ్రొలే లుమినా, తలుపు మీద వాలుగా తెల్లటి 3, డేల్ ఎర్న్‌హార్ట్ 1990 విన్‌స్టన్ కప్ (అప్పట్లో నాస్కార్ అగ్రశ్రేణి పోటీ పేరు) సీజన్‌లో నడిపినది. ఆయన చాంపియన్ అయిన సంవత్సరం అది. డాష్‌బోర్డ్ మీద సంతకం కూడా ఉంది. ఫొటోల్లో చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది, 2001లో డేటోనా 500 రేసు ఆఖరి ల్యాప్‌లో ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ నల్ల 3 అంటే ఈ ఊళ్లో దేవుడి పటం లెక్క.

ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోండి. మన కామ్రీకో అకార్డ్‌కో ఉన్నట్టు ఈ కార్లకు విన్ నంబర్ ఉండదు, ఆర్టీఓ కాగితం లాంటి టైటిల్ ఉండదు. 1949లో నాస్కార్ 'స్ట్రిక్ట్‌లీ స్టాక్' రేసులు మొదలైనప్పుడు షోరూమ్ కార్లే పరిగెత్తాయి, అప్పటి వాటికి ఫ్యాక్టరీ నంబర్ దొరుకుతుంది. తర్వాత తర్వాత ఇనుప గొట్టాలు వెల్డ్ చేసి చాసీ కట్టి, పైన రేకు తొడిగే పద్ధతి వచ్చింది. షార్లెట్‌లో హోల్మన్-మూడీ, ఆర్డెన్‌లో బాంజో మాథ్యూస్ లాంటివాళ్లు ఎన్నో టీములకు ఇలా చాసీలు కట్టి ఇచ్చారు. అంటే కారు అనేది ఆ గొట్టాల బోను. పైన రేకు ఏ ఏడాది మోడల్‌కైనా మార్చొచ్చు, రంగు ఒక్క వారంలో మార్చొచ్చు, యాక్సిడెంట్ అయితే ముందు భాగం కోసేసి కొత్తది అతికించొచ్చు. టీము వాడేసిన కారు ఆర్కా (నాస్కార్ కంటే కింది స్థాయి రేసులు) టీముకి పోతుంది, అక్కడ్నుంచి ఎవడో లోకల్ ట్రాక్ కుర్రాడికి పోతుంది, ప్రతి చోటా కొత్త రంగు, కొత్త నంబర్. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో కొని "పాత వైభవానికి" తీసుకొస్తారు. ఏ వైభవానికి అన్నది మాత్రం వాళ్ల ఇష్టం.

దీనికి తోడు షో కార్లు. ఇది చాలామందికి తెలియదు. స్పాన్సర్ కంపెనీలు సూపర్‌మార్కెట్ల ముందు, కార్ల డీలర్ల దగ్గర నిలబెట్టడానికి టీము రంగుల్లోనే, అదే నంబర్‌తో, అవే స్టిక్కర్లతో కార్లు తయారు చేయించేవాళ్లు. కొన్ని నిజంగా రేసులో వాడి పక్కన పెట్టిన చాసీలు, కొన్ని ఎక్కడో కొన్న పాత చాసీలు. వాటి మీద డ్రైవర్లు సంతకాలు కూడా పెట్టేవాళ్లు. సంతకం నిజమైనదే కావచ్చు, దానివల్ల తేలేది ఆయన ఆ డాష్‌బోర్డ్ మీద సంతకం పెట్టాడని మాత్రమే. షో కారు మోసం కాదు, షో కారు అని చెప్పి అమ్మితే. రేసు కారు ధరకి అమ్మితేనే గొడవ.

ఇప్పుడు మా బావమరిది కారు సంగతి. ఇంటికొచ్చాక రేస్ షాపుల్లో వెల్డింగ్ చేసి రిటైరైన ఒక పెద్దాయన్ని తీసుకొచ్చి చూపించాం. ఆయన రంగు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా ఎడమ తలుపు లోపలి అంచు దగ్గర కూర్చుని, గోటితో పెచ్చు లేచిన చోట టార్చ్ వేశాడు. పైన నలుపు, మంచి కొత్త నలుపు. దాని కింద పసుపు. దాని కింద తెలుపు. దాని కింద ప్రైమర్. "ఇది 1990లో నల్ల కారైతే అడుగున ఇంకో నలుపు ఉండాలి కదా, ఏది?" అన్నాడు. అమ్మినవాణ్ని అడిగితే "రీస్టోర్ చేసినప్పుడు పాత పెయింట్ అంతా గీకేశాం" అన్నాడు. గీకేస్తే పసుపు ఎలా మిగిలిందయ్యా? దానికి జవాబు లేదు. తర్వాత ఆ పెద్దాయన గ్యారేజ్ లైట్లు ఆపించి, టాప్ మీద టార్చ్‌ని అడ్డంగా పడుకోబెట్టి చూపించాడు, పెయింట్ కింద పాత అంకెల అంచులు లేతగా తేలాయి. రెండంకెల నంబర్. 3 కాదు.

ఇంకోటి, టాప్ వెనక భాగంలో రెండు చిన్న రేకు తలుపులు ఉంటాయి, కారు వెనక్కి తిరిగినప్పుడు గాలికి లేచి, అది పైకి ఎగరకుండా ఆపుతాయి. రూఫ్ ఫ్లాప్స్ అంటారు. నాస్కార్ వాటిని తప్పనిసరి చేసింది 1994లో. 1990 కారుకి అవి ఉన్నాయంటే, ఆ టాప్ 1994లోనో ఆ తర్వాతో వేసినదో మార్చినదో అయ్యుండాలి. ఒక్క దీంతోనే నకిలీ కారు అనలేం, ఎందుకంటే తర్వాత ఆర్కాలో తిరిగి ఉంటే అప్‌డేట్ చేసి ఉండొచ్చు. కానీ "1990లో రేసు అయిన నాటి నుంచి ముట్టుకోని కారు" అని కేటలాగ్‌లో రాసినవాడు అబద్ధం రాసినట్టే.

ఇలాంటి తేదీలు కొన్ని గుర్తుంచుకుంటే టేపు, టార్చ్‌తోనే సగం పని అయిపోతుంది. 1981 నుంచి వీల్‌బేస్ 110 అంగుళాలకి తగ్గించారు, కాబట్టి ఎవరైనా "1979 డేటోనా 500లో పరిగెత్తింది" అని చెప్తే ముందు, వెనక చక్రాల మధ్య టేపు పెట్టండి, 110 వస్తే ఆ మాట నమ్మొద్దు. లుమినా బాడీ రేసుల్లోకి వచ్చింది 1989 సీజన్ మధ్యలో, 1988 లుమినా అంటే నవ్వి వచ్చేయండి. ఫోర్డ్ టారస్ 1998లో వచ్చింది. షెవీ ఎస్‌బీ2 ఇంజన్ కూడా 1998లోనే. ఇంజన్‌ని మాత్రం ఎక్కువ నమ్మొద్దు, కార్లు మామూలుగా ఇంజన్ లేకుండానే అమ్ముడుపోతాయి, కొన్నవాడు దొరికింది పెట్టుకుంటాడు. పాత తరం డ్రైవర్ రిచర్డ్ పెట్టీ 200వ గెలుపు కారు నా దగ్గరుంది అని ఎవరైనా అంటే, 1984 జూలై 4న డేటోనాలో గెలిచిన ఆ పాంటియాక్ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉందని మర్యాదగా చెప్పి వచ్చేయండి.

అసలు ఆయువుపట్టు చాసీ నంబర్. టీములు ప్రతి చాసీకి సొంత నంబర్ వేసుకునేవి, ఏ రేసుకి ఏ చాసీ వెళ్లిందో రాసుకునేవి. డ్రైవర్ జెఫ్ గోర్డన్ 1997లో 'ది విన్‌స్టన్' అనే ఆల్-స్టార్ రేసు గెలిచిన టీ-రెక్స్ కారుని ఇప్పటికీ జనం 2429 అని చాసీ నంబర్‌తోనే పిలుస్తారు. కాబట్టి అమ్మేవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎవరు నడిపారు" కాదు, "చాసీ నంబర్ ఎంత, ఎక్కడ కొట్టి ఉంది, ఆ నంబర్ ఆ రేసుకి వెళ్లిందని ఏ కాగితంలో ఉంది" అని. రివెట్ కొట్టిన చిన్న ప్లేటు చూపిస్తే మురిసిపోకండి, ప్లేటు ఊడదీసి ఇంకో కారుకి కొట్టడం ఎంతసేపు. గొట్టం మీదే కొట్టిన అంకెలు కావాలి, వాటి చుట్టూ పాత పెయింట్ చెదరకుండా ఉండాలి. మా కారుకి ప్లేటు ఉంది, దాని చుట్టూ వాడకుండా వదిలేసిన రెండు పాత రివెట్ రంధ్రాలు కూడా ఉన్నాయి. 2007లో కార్ ఆఫ్ టుమారో అనే కొత్త డిజైన్ కారు వచ్చాక నాస్కారే చాసీలు తనిఖీ చేసి ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు (స్కానర్‌తో చదివే గుర్తింపు చిప్పులు) అంటించడం మొదలుపెట్టింది, అప్పట్నుంచి కొంత నయం. అంతకు ముందు కార్లకే ఈ తలనొప్పి అంతా.

కాగితాల దగ్గరికొస్తే, వీళ్లు ఇచ్చినది బంగారు రంగు సీలు వేసిన ఒక సర్టిఫికెట్. సంతకం ఎవరిది? అంతకు ముందు ఓనర్‌ది. ఆయన ఆ టీములో ఏనాడూ పని చేయలేదు, "నాకు తెలిసినంతవరకు" అని మొదలుపెట్టాడు. టీము అమ్మినప్పటి బిల్ ఆఫ్ సేల్ లేదు. మధ్యలో ఎనిమిది తొమ్మిదేళ్లు కారు ఎవరి దగ్గరుందో ఒక్క ముక్క లేదు. పైన పటారం, లోన లొటారం. టీము గేటు దాటిన రోజు నుంచి ఇవాళ్టి వరకు బిల్లులు వరసగా ఉండాలి, ఒక్క లింకు తెగినా దాన్ని రేసు కారు ధరకి కొనొద్దు.

కేటలాగ్ భాష కూడా జాగ్రత్తగా చదవండి. పైన పెద్ద అక్షరాల్లో డ్రైవర్ పేరు ఉంటుంది, కింద "అని నమ్ముతున్నారు", "అమ్మకందారు చెప్పిన ప్రకారం", "ఆ రంగుల్లో" అని సన్న అక్షరాల్లో ఉంటుంది. ఆఖర్న 'యాజ్ ఈజ్, వేర్ ఈజ్', అంటే ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట ఉన్నట్టు తీసుకోవాలని. మేం ఫోన్ చేస్తే వేలంవాళ్లు సరిగ్గా ఆ సన్న అక్షరాలే చదివి వినిపించారు, గొంతులో ఏ మార్పూ లేకుండా. లాయర్ నోటీసు వెళ్లాక, పాత రంగు పొరల ఫొటోలు పంపాక, అమ్మినవాడు కారు వెనక్కి తీసుకుని పాట డబ్బు ఇచ్చాడు. పాట ధర మీద అదనంగా వేలంవాళ్లు తీసుకునే కొనుగోలుదారు ప్రీమియం మాత్రం వాళ్లు ఇప్పటికీ ఇవ్వలేదు. ఇది చాలాచోట్ల పాట ధర మీద పది శాతం, ఆ పైన ఉంటుంది, తక్కువ డబ్బేం కాదు. ట్రక్కు కిరాయి సరే సరి.

కొనే ముందు చూసుకోవడానికి చోట్లు లేకపోలేదు. బూన్‌లో అప్పలాచియన్ స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీలో స్టాక్ కార్ రేసింగ్ కలెక్షన్ ఉంది. ఆ రేసు రోజున పిట్ రోడ్‌లో (రేసు మధ్యలో టైర్లు, పెట్రోల్ కోసం కార్లు ఆగే దారి) తీసిన ఫొటోలు ఎక్కడ దొరికినా తీసుకుని, బోను కమ్మీలు ఎక్కడ వంగాయి, కమ్మీలు కలిసే చోట త్రికోణం ముక్కలు ఎన్ని ఉన్నాయి, డాష్‌బోర్డ్ రివెట్ల వరస ఎలా ఉంది అని పక్కపక్కన పెట్టి చూడండి. స్టిక్కర్లు పోల్చకండి, స్టిక్కర్లు ఎవడైనా ప్రింట్ వేస్తాడు. ఆ టీములో అప్పట్లో పని చేసినవాళ్లు చాలామంది ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నారు, అడిగితే సంతోషంగా వచ్చి చూస్తారు, మంచి బిర్యానీ పెడితే ఇంకా సంతోషం. ప్రివ్యూ రోజున కారు కిందకి దూరి చూడనివ్వం అని అమ్మేవాడు అంటే అదే మీకు జవాబు.

ఇక ఆ కారు. ఈసారి కేటలాగ్‌లో ఏం రాస్తారో తెలియదు, రంగు కూడా మార్చొచ్చు. గుర్తులు చెప్తున్నా: ఎడమ తలుపు లోపలి కింది అంచున, మేం గీకిన చోట, నలుపు-పసుపు-తెలుపు పొరలు బయటపడి ఉంటాయి, కప్పేసి ఉంటే అక్కడ మాత్రం పెయింట్ కొంచెం ఎత్తుగా తగులుతుంది. చాసీ ప్లేటు పక్కన రెండు ఖాళీ రివెట్ రంధ్రాలు. డ్రైవర్ సీటు వెనక అడ్డ కమ్మీకి కుడి చివర, పాత వెల్డ్ మీద కొత్త వెల్డ్ వంకరగా పోసి ఉంటుంది. ఈ మూడూ కనిపిస్తే అది అదే. పాటకి వెళ్లే ముందు కామెంట్ పెట్టండి, మా దగ్గరున్న ఫొటోలన్నీ పంపిస్తా.