పసుపు రంగు బోర్డు కట్టిన పెరట్లో ఒక ఆదివారం

మా అమ్మకు తోట చూపించి మెప్పించడం తేలిక కాదు. కడియం నర్సరీల మధ్య పుట్టి పెరిగిన మనిషి. ఈ జూన్‌లో ఇంగ్లండ్‌లో మా దగ్గరికి వచ్చినప్పుడు పేరున్న ఉద్యానవనాల జోలికి పోకుండా, నేషనల్ గార్డెన్ స్కీమ్ అనే సేవాసంస్థ పసుపు రంగు బోర్డు కట్టిన ఒక పెద్దాయన ఇంటికి తీసుకెళ్లాను. మనిషికి అయిదు పౌండ్లు. మా అబ్బాయికి టికెట్టు లేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో మూడు వేలకు పైగా తోటలను వాటి యజమానులు ఇలా ఏడాదిలో కొన్ని రోజులు అందరికీ తెరుస్తారు. ఇళ్లకు వెళ్లి సేవ చేసే నర్సుల కోసం 1927లో మొదలుపెట్టారు. అప్పట్లో తలకు ఒక షిల్లింగు. మొదటి ఏడాదే 609 తోటలు తెరిచి, ఎనిమిది వేల పౌండ్లకు పైగా పోగు చేశారు. ఇప్పుడు ఆ డబ్బు క్యాన్సర్ రోగులకూ, చివరి దశలో ఉన్నవారికీ సేవ చేసే మాక్‌మిలన్, మేరీ క్యూరీ వంటి సంస్థలకు అందుతోంది.

పక్క సందులోంచి లోపలికి వెళ్లగానే గులాబీలు, ఫాక్స్‌గ్లవ్‌లు విరగబూసి ఉన్నాయి. అమ్మ వాటి దగ్గర ఆగలేదు. నేరుగా పెరటి చివర ఇనుప జాలిలో పోసిన ఆకు ఎరువు దగ్గరికి వెళ్లింది. పిడికెడు తీసి పిసికి, అరచెయ్యి తెరిచింది. ముద్దగా నిలిచి, బొటనవేలు తగలగానే పొడిపొడిగా రాలింది. వాసన చూసి, "రెండేళ్లు మాగింది. అవునో కాదో అడుగు" అంది. అడిగాను. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. సరిగ్గా రెండు శరత్కాలాల కిందటి ఆకులట.

ఆ తర్వాత నేను దుభాషినే. ఒకే మొదలుకు మూడు రకాలు అంటు కట్టిన ఆపిల్ చెట్టు చూపించారాయన. మామిడికి తమ ఊళ్లో తల్లిచెట్టు కొమ్మనూ మొలక కాండాన్నీ చెక్కి, ఆనించి ఎలా కడతారో అమ్మ రెండు వేళ్లు జత చేసి చూపించింది. అరగంట గడిచిపోయింది. తవ్వి, నాటి, పెంచిన మనిషే పక్కన నిలబడి చెప్పడం ఏ పెద్ద ఉద్యానవనంలో దొరుకుతుంది?

లోపాలూ చెప్పాలి. కింది మడికి దిగే నాలుగు మెట్ల పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను నేనే చెయ్యి పట్టుకుని దించాను. సందర్శకులకు మరుగుదొడ్డి లేదు. నాలుగింటికే కేకులు అయిపోయాయి. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు మెట్ల సంగతి ముందే కనుక్కుని, పెందలాడే వెళ్లండి. మొక్కలు మాత్రం చవక. మూడు పౌండ్లకు ఆరోగ్యంగా ఉన్న జెరేనియం కుండీ తెచ్చుకున్నాం.

టీ తాగుతూ, టికెట్టు డబ్బు ఎటు పోతుందో అమ్మకు చెప్పాను. "రాత్రిపూట కూడా నర్సులు ఇంటికొస్తారా?" అని రెండుసార్లు అడిగింది. నాన్న చివరి నాలుగు నెలలూ మంచం మీదే ఉన్నారు. రాత్రివేళ ఇంజక్షను వేసే మనిషి కోసం అమ్మ ఎన్ని గడపలు తొక్కిందో నాకు తెలుసు. వెళ్లేటప్పుడు గేటు దగ్గరి రేకు డబ్బా ముందు ఆగి, నేను చేతి ఖర్చులకిచ్చిన పది పౌండ్ల నోటు మడిచి అందులో వేసింది.