కడియం అరకేరియా: రెండడుగుల మొక్కే మేలు

కడియం, కడియపులంక నర్సరీల్లో ‘క్రిస్మస్ ట్రీ’ అని అడిగితే చూపించేది ఎక్కువగా అరకేరియానే. మొక్క నిజంగా అందమైనది. ధర మాత్రం ఎత్తును బట్టి పెరుగుతుంది, చిక్కంతా అక్కడే.

కొనేముందు మొవ్వు చూడండి. నడినెత్తిన ఉండే ఆ ఒక్క చిగురు విరిగితే ఆ గోపురం లాంటి రూపం మళ్లీ రాదు. పక్కకొమ్మ కత్తిరించి నాటినా నిటారుగా లేవదు, పక్కకే పాకుతుంది. తర్వాత అడుగు వరస చూడండి. రాలిన కింది కొమ్మ మళ్లీ పుట్టదు. అందుకే కింద బోసిపోయిన ఆరడుగుల మొక్క చవగ్గా వచ్చినా వద్దు. నేల దాకా పచ్చగా ఉన్న రెండడుగులది తెచ్చుకోండి.

వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటే జాగ్రత్త. దాన్ని అలాగే ఇసుక కలిపిన గుంతలో పెడితే, పోసిన నీరు పక్కనుంచి జారిపోయి ముద్ద లోపల ఎండుగానే ఉంటుంది. పైకి తడి కనిపిస్తూనే మొక్క వడలుతుంది. ముద్దను కాసేపు నీళ్లలో నానబెట్టి, పైపొరను వేళ్లు తెగకుండా వదులు చేసి నాటాలి. రెండడుగుల గుంతలో ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు సరిపోతాయి. నల్లరేగడి అయితే అడుగు ఎత్తు దిబ్బ పోసి దానిమీద నాటండి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను రెండు మూడు వారాలు కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయాలి. లేకపోతే కొసలు మాడతాయి.

అరకేరియాల్లో ఒక రకమైన నార్‌ఫోక్ పైన్ పేరుతో అమ్మేవాటిలో దాని దగ్గరి చుట్టం కుక్ పైన్ కూడా ఉంటుంది. భూమధ్యరేఖ వైపు వాలడం ఈ కుక్ పైన్ స్వభావం. 2017లో వచ్చిన ఒక అధ్యయనం సగటు వాలును సుమారు 8.5 డిగ్రీలుగా లెక్కకట్టింది. మన దగ్గర దక్షిణానికి ఒరుగుతుందన్నమాట. నాటినవాళ్ల తప్పేం లేదు, కానీ దక్షిణం పక్క కరెంటు తీగలు, మేడ లేకుండా చూసుకోవాలి.

ఉప్పుగాలిని తట్టుకుంటుంది కాబట్టి విశాఖ తీరానికి బాగా నప్పుతుంది. తెలంగాణ వేసవిలో మొదలు చుట్టూ ఎండుటాకులు పరవక తప్పదు. పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లండి, పది రోజులకు మళ్లీ ఒకసారి. కుండీలో పెంచేవాళ్లు వారానికోసారి పావు చుట్టు తిప్పాలి, వెలుతురు అందని వైపు కొమ్మలే ముందు రాలతాయి.