ఓవల్ హోల్, ఎఫ్-హోల్: చెన్నైలో రెండు మాండోలాలతో ఇన్నేళ్ళు

మాండోలా (మాండలిన్‌కి అక్క లాంటి తీగ వాద్యం) కొందామనుకుంటున్నాను, పాతది మంచిదా కొత్తది మంచిదా అని అడిగేవాళ్ళకి ముందు వయసు సంగతి పక్కన పెట్టమని చెబుతాను. టాప్ (పెట్టె పైచెక్క) మీద రంధ్రం ఏ ఆకారంలో ఉంది, బ్రిడ్జ్ (టాప్ మీద తీగల్ని మోసే చిన్న చెక్క) ఎక్కడ కూర్చుంది, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు ఎంత? ఈ మూడూ తెలిస్తే ఆ వాద్యం గొంతు సగానికి పైగా తెలిసినట్టే.

నా దగ్గర రెండున్నాయి. ఒకటి 1910ల్లో అమెరికాలో చేసినది, ఓవల్ హోల్ (కోడిగుడ్డు ఆకారపు రంధ్రం), తీగ పొడవు 15.75 అంగుళాలు. మా బావగారు అక్కణ్ణుంచి తెచ్చారు. రెండోది ఈ కాలపుది, ఎఫ్-హోల్స్ (వయొలిన్‌కి ఉన్నట్టు ఎఫ్ అక్షరం లాంటి రెండు రంధ్రాలు), 17 అంగుళాలు. రెండూ చెన్నై సాలిగ్రామంలో మా ఇంట్లో చాలా ఏళ్ళుగా రోజూ చేతిలో ఉంటున్నవే. భజనల్లో గాత్రం పక్కన వాయిస్తాను, రికార్డింగులకీ తీసుకెళతాను. రాసేది ఆకారాల గురించి కాబట్టి నా రెండిటినీ ఎవరు చేశారన్నది ఇక్కడ చెప్పడం లేదు.

మాండోలా చూడనివాళ్ళకి ఒక్క మాట. ఎనిమిది తీగలు, నాలుగు జతలు, కింది నుంచి సి, జి, డి, ఎ. మాండలిన్ కన్నా పంచమం కిందికి ఉంటుంది, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా శ్రుతే. నాకు ఇది ఇంతగా పట్టుబడడానికి కారణం కూడా అదే. ఒకటి శ్రుతిలో పాడే మగవారి ఆధార షడ్జమం, మాండోలా కింది జతని ఖాళీగా మీటితే వచ్చే స్వరం, రెండూ ఒక్కటే. ఐదు శ్రుతిలో పాడే ఆడవారి షడ్జమం దాని పక్కనున్న జి జత. మాండలిన్ గాయకుల నెత్తిమీద వినిపిస్తుంది, మాండోలా వాళ్ళ పక్కన కూర్చుంటుంది. అన్నమయ్య కీర్తనలకి నేను డి జతని సి కీ, ఎ జతని జి కీ దించి స-ప-స-ప చేసుకుంటాను.

మనవాళ్ళకి ఈ కుటుంబం అంటే పాలకొల్లులో పుట్టి, చెన్నైలో పెరిగి, 2014లో ఇక్కడే మనకి దూరమైన యు. శ్రీనివాస్ గారే గుర్తుకొస్తారు. ఆయన వాయించింది ఎలక్ట్రిక్, జతలు కాకుండా ఒంటి తీగలు. అక్కడ నాదాన్ని పికప్, ఆంప్ మోస్తాయి. చెక్క పెట్టెే నాదమంతా మోయాల్సిన వాద్యాల్లో ఆకారం ఎంత పని చేస్తుందో మాండోలాలో వినిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా వినిపించలేదు.

ఇటలీ మాండోలాల వీపు సన్నని చెక్క పట్టీలు అంటించి గిన్నెలా చేసేవారు. అమెరికాలో వాద్యాలు చేసే ఆర్విల్ గిబ్సన్ ఆ దారి వదిలేసి, వయొలిన్ లాగా టాప్‌నీ వీపునీ దళసరి చెక్కలోంచి వంపుగా చెక్కాడు. దానికి 1898లో పేటెంట్ వచ్చింది. 1902లో అమెరికాలోని కలమజూ ఊళ్ళో ఆయన పేరుతో గిబ్సన్ కంపెనీ మొదలైంది. ఆ రోజుల్లో అమెరికా ఊరూరా మాండలిన్ ఆర్కెస్ట్రాలు ఉండేవి, వాటిలో కింది గొంతు కోసం మాండోలాలు కావాలి. గుండ్రటి పెట్టె, ఓవల్ హోల్, ఆ రంధ్రం కిందుగా లోపల అడ్డంగా ఒక్క బద్దె. నా పాతది ఈ పద్ధతిదే. 1922లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు లాయిడ్ లోర్ హయాంలో ఎఫ్-5 మాండలిన్ వచ్చింది, వెంటనే అదే పద్ధతిలో హెచ్-5 మాండోలా. రంధ్రాలు రెండు ఎఫ్‌లయ్యాయి, లోపల బద్దెలు నిలువుగా రెండయ్యాయి, మెడ పొడవు పెరిగి బ్రిడ్జ్ టాప్ నడిమికి జరిగింది, వేళ్ళు నొక్కే ఫింగర్‌బోర్డ్ టాప్‌ని తాకకుండా పైకి లేచింది. ఆ ఆర్కెస్ట్రాల కాలం అప్పటికే వెళ్ళిపోతుండటంతో హెచ్-5లు చాలా కొద్దిగానే తయారయ్యాయి. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే ఎఫ్-హోల్ మాండోలాలన్నీ ఆ నమూనా పిల్లలే.

చెవికి వినిపించే తేడా ఎక్కణ్ణుంచి వస్తుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్ళు తరచూ చెక్క పేరు చూసి ఆగిపోతారు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక స్వరం వస్తుంది కదా, పెట్టెలోని గాలికీ అలాంటి సొంత స్వరం ఉంటుంది. పెట్టె పెద్దదైతే అది కిందికి దిగుతుంది, గాలికి దారి ఎక్కువైతే పైకి పోతుంది. గాలి ఎక్కువగా రంధ్రం అంచుల వెంబడే కదులుతుంది కాబట్టి పొడవాటి సన్నని ఎఫ్‌లు రెండుంటే దారి ఎక్కువ. అందుకే ఎఫ్-హోల్ వాటిలో ఆ స్వరం పైన, ఓవల్ హోల్ వాటిలో కింద ఉంటుంది. మాండోలా కింది సి సుమారు 131 హెర్ట్జ్. మాండలిన్ కన్నా కాస్తే పెద్దదైన ఈ పెట్టెలో గాలి అంత లోతుకి దిగదు. ఆ సి మూలస్వరాన్ని రెండిటిలో ఏదీ పూర్తిగా పలికించదు, పై స్వరాంశాలు విని మన చెవే దాన్ని పూరించుకుంటుంది. ఓవల్ హోల్ దానికి దగ్గరగా వెళుతుంది కాబట్టి నా పాతదాని సి వెచ్చగా, గుండ్రంగా ఉంటుంది, మీటాక చాలాసేపు నిలుస్తుంది. స-ప-స-ప శ్రుతిలో ఖాళీ తీగలు వాటంతటవే పలికి వెనక తంబుర ఉన్నట్టుంటుంది. ఎఫ్-హోల్‌లో మీటగానే స్వరం ముందుకు దూసుకొస్తుంది, త్వరగా తగ్గిపోతుంది. మృదంగం, వయొలిన్, హార్మోనియం అన్నీ ఉన్న చోట వెనక వరసలోవాళ్ళకి వినిపించేది ఇదే. పాతది అక్కడ కరిగిపోతుంది. రికార్డింగులో మాత్రం, ఒక మైకు, ఒక గాత్రం ఉంటే, ఇంజనీర్లు పాతదాన్నే అడుగుతారు. వాళ్ళు అడగకపోయినా నేను దాన్నే తీస్తాను.

ఇక తీగ పొడవు. అవే తీగలు, అదే శ్రుతి పెట్టి 15.75 నుంచి 17 అంగుళాలకి వెళితే బిగువు సుమారు 16 శాతం పెరుగుతుంది. ఇది వేళ్ళకి వెంటనే తెలుస్తుంది. పాతదాని మీద జత తీగని పక్కకి లాగి కంపితం (స్వరాన్ని ఊపే గమకం) తీయడం సుఖం, ఫ్రెట్లు సన్నగా, పొట్టిగా ఉండటంతో జారు కూడా నున్నగా పోతుంది. కానీ సి తీగ వదులుగా ఉంటుంది. గట్టిగా మీటితే స్వరం ఒక్క క్షణం పైకి లేచి కిందికి వస్తుంది, తోడిలాంటి రాగంలో అది సహించలేను. కొత్తదాని సి ఎంత మీటినా కదలదు, లాగడం మాత్రం కష్టం. సాయంత్రానికి చూపుడు వేలు చెబుతుంది. దాని మీద గమకాలన్నీ దాదాపు జారుతోనే తీస్తున్నాను.

చెన్నై గాలి రెండిటినీ రెండు రకాలుగా పరీక్షించింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి టాప్ ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. కొత్తదానికి బ్రిడ్జ్ కింద చిన్న చక్రాలున్నాయి, కాస్త తిప్పితే చాలు. ఈ సర్దుబాటు బ్రిడ్జ్ వచ్చింది 1921లో. నా పాతది అంతకు ముందుది, దాని బ్రిడ్జ్ ఒకే ముక్క. వీణలు బాగుచేసే ఒక పెద్దాయన దానికి కొంచెం పొట్టి బ్రిడ్జ్ ఇంకోటి రోజ్‌వుడ్‌తో చేసి ఇచ్చారు. వానాకాలం అది, ఎండాకాలం అసలుది. పాతదాని మెడలో ట్రస్ రాడ్ (మెడ వంగకుండా లోపల వేసే ఇనుప కడ్డీ) కూడా లేదు, అందుకే మెడ లావుగా, వీ ఆకారంలో ఉంటుంది. నా అరచేతికి అది అలవాటైంది, చిన్న చేతులవాళ్ళకి కష్టమే. ఒక మే నెలలో వీపు అంచున అతుకు ఊడింది. పాతవాటిని వేడి వజ్రం బంకతో అంటిస్తారు, జంతువుల తోలు మరిగించి చేసేది, మన వడ్రంగులు పూర్వం వాడిన జిగురే. వేడికీ తేమకీ వదులవుతుంది, కానీ మళ్ళీ అదే జిగురుతో చెక్క పాడవకుండా అంటించవచ్చు. అలాగే అంటింపించాను. ఎవరైనా ఎపాక్సీ పూస్తామంటే వాద్యం తీసుకుని వచ్చేయండి, తర్వాత ఇంకెవరూ దాన్ని శుభ్రంగా విప్పలేరు. పాత వార్నిష్ ముంజేయి ఆనే చోట చెమటకి అంటుకుంటుంది, సన్నటి నూలు గుడ్డ వేసుకుని వాయిస్తాను.

మాండోలా తీగల సెట్లు ఇక్కడ దుకాణాల్లో అరుదు. గిటార్ తీగలు విడిగా కొని, చివరి ఇత్తడి పూసని కటింగ్ ప్లయర్‌తో జాగ్రత్తగా పగలగొట్టి తీసేస్తే మాండోలా కొక్కేనికి సరిపోయే ఉంగరం మిగులుతుంది. అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే లావు లెక్కన పై జతకి 14, కింది జతకి 50 దగ్గర్లో ఉన్నవి తీసుకుంటాను. పాతదానికి అంతకంటే లావు వేయను. వందేళ్ళు దాటిన టాప్, దాని కింద ఉన్నది ఒక్క బద్దె.

కచేరీల్లో పదిమందితో కలిసి వాయించేవాళ్ళు ఎఫ్-హోల్ తీసుకోండి, పాతదాని కోసం డబ్బు పోగేయకండి. ఇంట్లో, గాత్రం పక్కన, కీర్తనల కోసం అయితే ఓవల్ హోల్. అది పాతదే కానక్కర్లేదు. ఇప్పటి తయారీదారుల్లో ఓవల్ హోల్ పెట్టి, ట్రస్ రాడ్ వేసి, తీగ పొడవు 16 అంగుళాలు దాటించి చేసేవాళ్ళున్నారు. నేను ఈరోజు మూడోది కొంటే అదే కొంటాను. పాతది కొనేవాళ్ళు మాత్రం తీగలు వదులు చేయించి, చిన్న అద్దం, టార్చి పట్టుకుని రంధ్రంలోంచి ఆ అడ్డ బద్దె రెండు చివరలూ చూడండి. బ్రిడ్జ్‌కీ రంధ్రానికీ మధ్య టాప్ కుంగిందేమో స్కేలు నిలబెట్టి చూడండి. కుంగి ఉంటే అమ్మేవాళ్ళు ఎంత తగ్గించినా వద్దు.