క్యాసెట్ అని చెప్పి ఫ్రీవీలు బిగించారు: గేర్ సైకిల్ వెనక చక్రం మార్పించేవాళ్ళకి ఒక హెచ్చరిక

గేర్ సైకిల్ వెనక చక్రం మార్పించబోతున్నవాళ్ళు, ముఖ్యంగా కోనసీమ నుంచి ఆ పని మీద పెద్ద ఊరికి వెళ్ళేవాళ్ళు, డబ్బులు ఇచ్చేముందు ఇది ఒకసారి చదవండి. నా జేబులోంచి పోయింది 4,800 రూపాయలు. అంతకంటే ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకోటుంది, దాని దగ్గరికీ వస్తాను. షాపు పేరు రాయడం లేదు. ఈ పని ఒక్క షాపులోనే జరుగుతోందని నేను అనుకోవడం కూడా లేదు.

నాది ఆరేళ్ళ పాత మౌంటెన్ బైక్. 27.5 అంగుళాల చక్రాలు, వెనక ఎనిమిది గేర్లు, డిస్క్ బ్రేకులు. అమలాపురంలో కొండ ఎక్కడుంది, నీకు మౌంటెన్ బైక్ ఎందుకని మా బావమరిది ఇప్పటికీ వెక్కిరిస్తాడు. కొండల్లేకపోతేనేం, కాలువ గట్లున్నాయి. వానాకాలంలో ఆ గట్టు మీద నల్లమట్టి టైరుకి అట్టులా పట్టేస్తుంది. వేసవి వచ్చేసరికి అదే మట్టి ట్రాక్టర్ చక్రాల గాడులతో రాయిలా బిగుసుకుపోతుంది. సన్న టైరు సైకిల్ మీద ఒక్క కిలోమీటరు వెళ్ళి రమ్మనండి మా బావమరిదిని.

డిసెంబరు చివర్లో వెనక చక్రంలో గేర్ల వైపు పుల్ల ఒకటి తెగింది. వేయించాను. వారం తిరక్కుండా ఇంకోటి. అప్పుడు గుడ్డ పెట్టి తుడిచి చూస్తే, రిమ్ములోకి పుల్లలు దిగే బెజ్జాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్ళు, నాలుగు చోట్ల. రిమ్ము పనైపోయింది. ఇంతలో సంక్రాంతి ముంచుకొచ్చింది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి నేనూ మా అబ్బాయీ సైకిళ్ళ మీదే వెళ్తాం. కారైతే ఎక్కడో దూరాన ఆపేసి జనంలో నడవాలి. పండగ లోపల చక్రం అయిపోవాలి అన్న ఆ తొందరే నా కొంప ముంచింది.

అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడు వేసుకెళ్ళే వ్యాన్‌లో తెలిసినవాళ్ళుంటే, సైకిల్‌ని కాయల మీద పడుకోబెట్టి పెద్ద ఊళ్ళో షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన చక్రం అటూ ఇటూ ఊపి, "రిమ్ము ఒక్కటే మారిస్తే లాభం లేదు సార్, హబ్బు కూడా పోయింది. సెట్టు మొత్తం వేసుకోండి, ఎయిట్ స్పీడ్ క్యాసెట్ కూడా కొత్తది వచ్చేస్తుంది. 5,100. పాత చక్రం ఇచ్చేస్తే మూడొందలు తగ్గిస్తా" అన్నాడు. హబ్బంటే చక్రం మధ్యలో పుల్లలన్నీ వచ్చి కలిసే బొడ్డు, క్యాసెట్ అంటే దాని మీద కూర్చునే గేర్ల కట్ట. నాకు బేరం బాగానే అనిపించింది. పాత చక్రం ఇంటికి తెచ్చుకుని ఏం చేసుకుంటాను, పెరట్లో పందిరికి కట్టుకోవాలా అనుకున్నాను.

పని చేసిన కుర్రాడు నా ఎదురుగానే చేశాడు. పాత క్యాసెట్ విప్పడానికి చైను ముక్క తగిలించిన ఇనప కడ్డీతో పళ్ళు కదలకుండా పట్టుకుని, మధ్యలో లాక్ రింగ్ (గేర్లు ఊడకుండా పైన బిగించే రింగు) టూల్ పెట్టి, పెద్ద పానాతో బలంగా తిప్పాడు. "కర్ర్" మని వదిలింది. కొత్తది పెట్టేటప్పుడు ఆ కడ్డీ ముట్టుకోలేదు, ఆ టూలూ తీయలేదు. గేర్ల మొత్తాన్ని హబ్బు మీద పెట్టి, సీసా మూత బిగించినట్టు చేత్తో తిప్పేశాడు. "తొక్కుతుంటే అదే టైట్ అయిపోద్ది సార్" అన్నాడు. నేను టీ తాగుతూ అదంతా చూశాను. చూశానే గానీ నా బుర్రకి ఎక్కలేదు.

సైకిల్ వెనక చక్రాలు రెండు రకాలు. పాత పద్ధతి ఫ్రీవీలు. హబ్బు మీద మరలు ఉంటాయి, గేర్ల కట్ట మొత్తం ఆ మరల మీదికి ఎక్కుతుంది. వెనక్కి తిప్పితే టకటకమనే యంత్రం ఆ కట్టలోనే ఉంటుంది. రెండోది క్యాసెట్. దీనికి ఆ టకటకమనేది హబ్బులోనే భాగం, దాన్ని ఫ్రీహబ్ అంటారు. దాని ఒంటి మీద నిలువు గాళ్ళు ఉంటాయి, పళ్ళచక్రాలు ఆ గాళ్ళలోకి జారి కూర్చుంటాయి, పైన లాక్ రింగ్ పడుతుంది. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అదే చైను, అదే ఎనిమిది పళ్ళచక్రాలు, ఫ్రేములో పట్టే 135 మిల్లీమీటర్ల వెడల్పు కూడా అదే. అందుకే ఇది ఇంత సులువుగా అమ్ముడుపోతుంది.

తేడా అంతా లోపల యాక్సిల్, అంటే ఇరుసు దగ్గరుంది. ఫ్రీహబ్ ఉన్న చక్రంలో కుడివైపు బేరింగు దాదాపు చివరన, ఫ్రేముకి దగ్గరగా ఉంటుంది. యాక్సిల్‌కి రెండు చివర్లా దన్ను దొరుకుతుంది. ఫ్రీవీలు హబ్బులో బేరింగు గేర్లకి లోపలే ఆగిపోతుంది. గేర్ల వెడల్పు అంతా యాక్సిల్ ఏ ఆధారమూ లేకుండా గాల్లో ఉంటుంది. గేర్లు పెరిగేకొద్దీ ఆ గాల్లో ఉన్న భాగం పొడుగవుతుంది. ఒకే గేరున్న పాలవాళ్ళ సైకిల్‌కి అందుకే ఇబ్బంది లేదు. ఎనిమిది గేర్ల ఫ్రీవీలు మీద 88 కిలోల మనిషి కూర్చుని గట్టు గుంటల్లో ఎగరేస్తే ఆ యాక్సిల్ ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?

ఇంటికొచ్చిన మర్నాడే ఒక అనుమానం వచ్చింది. మాది బల్లపరుపు నేల. పెద్ద పళ్ళచక్రాలతో మాకు పనే పడదు, ఎప్పుడూ చిన్న పళ్ళ మీదే బండి నడుస్తుంది. కొత్త చక్రంతో ముక్తేశ్వరం రోడ్డెక్కితే పై గేరులో కూడా కాళ్ళు ఊరికే గిరగిరా తిరిగిపోతున్నాయి. ఆగి లెక్కపెట్టాను. పాత క్యాసెట్‌లో అన్నిటికన్నా చిన్నది 11 పళ్ళు. దీంట్లో 13. అంటే ఇదివరకు 11 తొక్కులకి వెళ్ళే దూరానికి ఇప్పుడు 13 తొక్కులు తొక్కాలి. షాపుకి ఫోన్ చేస్తే "కొత్త మోడల్ సార్, ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయి" అన్నాడు. నమ్మాను. ఫ్రీవీళ్ళలో చిన్న చక్రం సాధారణంగా 13, 14 పళ్ళ దగ్గరే ఆగిపోతుందని నాకు తర్వాత తెలిసింది.

జగ్గన్నతోట బాగానే వెళ్ళొచ్చాం. ఆ తర్వాత రెండో ఆదివారం, చక్రం వేయించిన పంతొమ్మిదో రోజున, ద్రాక్షారామం వెళ్దామని ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగాను. రేవు నుంచి గట్టెక్కే చోట సీటు మీంచి లేచి నిలబడి తొక్కాను. "టప్" మంది. చైను తెగిందనుకున్నాను, తెగలేదు. చక్రం మాత్రం ఒక పక్కకి వాలిపోయి బ్రేకుని రాస్తోంది, గేర్లు వాటంతటవే గెంతుతున్నాయి.

అక్కడ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక పెద్దాయన పంక్చర్లు వేస్తుంటే నడిపించుకుంటూ వెళ్ళాను. గేర్ సైకిల్ ఎప్పుడూ ముట్టుకోలేదన్నాడు, మొహమాటంగానే చక్రం విప్పాడు. యాక్సిల్ మధ్యలోంచి దూరి ఉండే సన్న కడ్డీ లాగగానే యాక్సిల్ రెండు ముక్కలుగా ఊడి ఆయన రెండు చేతుల్లోకి వచ్చింది. అంతసేపూ ఆ కడ్డీయే ముక్కల్ని కలిపి పట్టుకుని ఉందన్నమాట. విరిగిన మొహం నాకు చూపించాడు. సగం నల్లగా ఉంది, సగం వెండిలా మెరుస్తోంది. "నల్లగా ఉన్నమేర ముందే చీలిపోయింది బాబూ. మెరిసేది ఇవాళ విరిగింది." తర్వాత గ్రీజు బొటనవేలితో గేర్లని వెనక్కి తిప్పి, మధ్యలోకి తొంగిచూసి నవ్వాడు. "ఇది మన పాత సైకిళ్ళకేసే ఫ్రీవీలేనండి. ఆయ్. కాకపోతే ఒక చక్రం బదులు ఎనిమిది పేర్చాడు."

యాభై రూపాయలిస్తే పుచ్చుకోలేదు. టీ ఇప్పించాను.

పంటు మీద సైకిల్ పక్కన నిలబడి వెనక్కొస్తుంటే అప్పుడు వెలిగింది నాకు, చేత్తో సీసా మూతలా బిగించిన సంగతి. పాతది విప్పడానికి లాక్ రింగ్ టూల్ తీసినవాడికి, కొత్తదానికి అది అక్కర్లేదని తెలుసు. తెలిసే బిగించాడు. తెలియక చేసిన పొరపాటైతే నేనిది రాసేవాణ్ణి కాను.

రెండ్రోజుల తర్వాత షాపుకి వెళ్ళాను. ముందు "ఓవర్‌లోడ్ సార్" అని నా పొట్ట వంక చూశాడు. తర్వాత బిల్లు తీయమన్నాడు. దాని మీద చేతిరాతతో ఉన్నది "వీల్ సెట్ - 1" అని, అంతే. "క్యాసెట్ అని ఎక్కడుంది చెప్పండి" అన్నాడు. కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు. పోనీ నా పాత చక్రం ఇచ్చేయమంటే స్క్రాప్‌కి వెళ్ళిపోయిందన్నాడు. నాకు కడుపు మండింది అక్కడే. నా పాత హబ్బు మంచి ఫ్రీహబ్. దానికి ఏ జబ్బూ లేదు, పోయింది రిమ్ము ఒక్కటే. క్యాసెట్ కూడా ఇంకో రెండేళ్ళు వచ్చేది. అదే హబ్బుకి కొత్త రిమ్మూ పుల్లలూ వేయిస్తే ఇందులో సగం కూడా అయ్యేది కాదు. బంగారం లాంటి హబ్బుని మూడొందలకి చేతులారా ఇచ్చి వచ్చాను.

వాపసు లేదని బిల్లు మీద అచ్చేసినంత మాత్రాన కథ అయిపోదని ఇక్కడ చెప్పాలి. లోపమున్న సరుకుని వెనక్కి తీసుకుని, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగివ్వడానికి నిరాకరిస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చెబుతుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోదే. నేను 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు రాసుకున్నారు, నంబరు వచ్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్ళొచ్చు, 5 లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు. నేను అంతదాకా వెళ్ళలేదు. పది రోజులకి షాపాయనే ఫోన్ చేసి 2,500 ఇస్తానన్నాడు. తీసుకుని ఊరుకున్నాను. ఇంకా గట్టిగా పోరాడాల్సిందని మా ఆవిడ అంటుంది, నిజమే కావచ్చు.

ఇప్పుడు మీరు చూసుకోవాల్సింది. చక్రం షాపులో ఉండగానే గేర్లని చేత్తో వెనక్కి తిప్పండి. మధ్యలో టూల్ పట్టడానికి గాట్లు ఉండే రింగు పళ్ళతో పాటు తిరిగితే అది క్యాసెట్. పళ్ళు తిరుగుతూ ఆ గాట్ల భాగం కదలకుండా నిలబడితే ఫ్రీవీలు. పది సెకన్ల పని, ఏ టూలూ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకి ఆ వీలు కూడా ఉండదు, పైగా అక్కడ "క్యాసెట్ ఫ్రీవీల్" అని రెండు మాటలూ ఒకే టైటిల్‌లో కుక్కేస్తారు. అలాంటప్పుడు హబ్బు ఫొటో అడగండి, దాని మీద మరలున్నాయో నిలువు గాళ్ళున్నాయో చూడండి. చిన్న చక్రానికి ఎన్ని పళ్ళో కూడా అడగండి. బిల్లు మీద క్యాసెట్ అనీ ఫ్రీహబ్ అనీ ఆ మాటలే రాయించుకోండి, రాయడానికి వెనకాడితే బయటికి వచ్చేయండి.

షిమనో కంపెనీ ఎనిమిది, తొమ్మిది, పది గేర్ల మౌంటెన్ బైక్ క్యాసెట్లు ఒకే రకం ఫ్రీహబ్ మీదికి ఎక్కుతాయి, కాబట్టి "మీ మోడల్‌కి ఇది దొరకదు" అంటే నమ్మకండి. వాళ్ళ పన్నెండు గేర్లది మాత్రం వేరే రకం. చైను సంగతి కూడా మర్చిపోవద్దు. అరిగిన చైను కొత్త పళ్ళ మీద గెంతుతుంది, గెంతకపోతే ఆ కొత్త పళ్ళనే తినేస్తుంది. స్కేలు పెట్టి ఒక పిన్ను మధ్య నుంచి కొలవండి. సరిగ్గా 12 అంగుళాలకి ఇంకో పిన్ను మధ్య రావాలి. 1/16 అంగుళం దాటి వస్తే చైను మార్చేయాలి. నాది దాటేసింది, షాపులో ఎవరూ కొలవలేదు.

చివరికి 32 బెజ్జాల ఫ్రీహబ్ ఒకటి, రిమ్ము, పుల్లలు, 11-32 క్యాసెట్ (చిన్న చక్రానికి 11, పెద్దదానికి 32 పళ్ళు), చైను విడివిడిగా తెప్పించుకుని, చక్రం అల్లడం తెలిసిన మెకానిక్ దగ్గర నా కళ్ళెదుటే కట్టించుకున్నాను. లాక్ రింగ్ బిగించేటప్పుడు దగ్గరే కూర్చున్నాను, ఈసారి టీ కూడా తాగలేదు.

ఒక్క విన్నపం. నా పాత హబ్బు నల్లది. డిస్క్ వైపు అంచు మీద పక్కపక్కనే మూడు గీతలుంటాయి, ఒకసారి రావులపాలెం దగ్గర కంకరలో పడ్డప్పుడు పడ్డవి. సెకండ్ హ్యాండ్‌లో ఎవరికైనా కనిపిస్తే ఒక మాట చెప్పండి, కొనుక్కుంటాను.