కంతాల్ కొండల్లో బైక్ మీద: అటు వాన, ఇటు ఎండ

ఫ్రాన్స్‌లో బైక్ టూర్ అనగానే అందరూ ఆల్ప్స్ అంటారు. జూన్‌లో నేనూ మా బావమరిదీ వెళ్లింది మాత్రం దేశం నడిమధ్య ఉన్న ఒవెర్న్‌కి, అందులో కంతాల్ జిల్లాకి. జిల్లా మధ్యలో ఎప్పుడో చల్లారిన పెద్ద అగ్నిపర్వతం. అట్లాంటిక్ నుంచి వచ్చే మబ్బులు దాని పడమటి వాలు మీదే కురిసేస్తాయి, తూర్పున సాన్ ఫ్లూర్ వైపు వాన బాగా తక్కువ. ఇక్కడ ప్లాన్ వేసుకునేటప్పుడు కిలోమీటర్ల కంటే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

బైకులు క్లెర్మాన్ ఫెర్రాన్‌లో అద్దెకు తీసుకున్నాం, మిషెలిన్ టైర్లు పుట్టిన ఊరు అది. మన లైసెన్సుకు తోడు ఇంటర్నేషనల్ పర్మిట్ చూపించాలి, డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు మీద పెద్ద మొత్తమే ఆపి ఉంచుతారు. బండ్లు బాగున్నాయి కానీ మావాడి సైడ్ బాక్సు మూత సరిగా పడలేదు. అద్దె షాపు అబ్బాయి "ఏం కాదు" అన్నాడు. సాయంత్రానికి లోపలి బట్టలన్నీ పిండుకోవాల్సి వచ్చింది. అక్కడి నుంచి సాన్ ఫ్లూర్ దాకా ఏ75 హైవేకి టోల్ లేదు. గ్లవ్స్ 2016 నుంచి తప్పనిసరి, వెనక కూర్చున్నవాళ్లకి కూడా.

పొద్దున సాన్ ఫ్లూర్‌లో మంచి ఎండ. ముర ఊళ్లో ట్యాంకులు నింపుకున్నాం. చాలాచోట్ల పంపు దగ్గర మనిషి ఉండడు, మిషన్‌లో కార్డు పెట్టి పిన్ కొట్టాలి. కొండ మీద పంపు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. అక్కడి నుంచి డీ680 రోడ్డు దియెన్ మీదుగా పా ద పెయ్‌రోల్ కనుమకి ఎక్కుతుంది. ఎత్తు 1588 మీటర్లు, చలికాలమంతా మంచుతో మూసేస్తారు. చివరి మలుపుల దగ్గర ఫస్ట్ గేర్ తప్పదు. పైకి చేరేసరికి మబ్బు దిగింది. కనుమ పక్కనే ఉన్న ప్యుయి మారీ శిఖరం కాదుగదా, ముందున్న బండి వెనక లైటు కూడా సరిగా కనపడలేదు. వైజర్ తెరిస్తే ముఖం మీద చినుకులు, మూస్తే లోపల ఆవిరి. నిజం చెప్పాలంటే ఎండలో కూడా ఆ కనుమ మీద ఆగాల్సిన పని పెద్దగా లేదు. పార్కింగూ, టూరిస్టులూ, కాఫీ కోసం క్యూ. ఎక్కే దారే అసలు మజా.

సలేర్స్ వైపు దిగేటప్పుడు వాన గట్టిగా పట్టుకుంది. ఇక్కడ బురద కంటే పేడతోనే జాగ్రత్తగా ఉండాలి. పైకి వంపు తిరిగిన పొడుగు కొమ్ముల ఎర్రావులు రోడ్డు దాటి మేతకి వెళ్తుంటాయి, తడిసిన పేడ మీద ఫ్రంట్ బ్రేక్ తాకితే అంతే సంగతులు. కొత్తగా కంకర చల్లిన చోట టైరు కింద నుంచి రాళ్లు ఎగిరే బొమ్మతో బోర్డు పెడతారు, దాన్ని సీరియస్‌గా తీసుకోండి. ఊళ్లలో కుడి సందులోంచి వచ్చేవాడికే దారి.

నల్లరాతి ఇళ్ల సలేర్స్ చాలా అందమైన ఊరు, కానీ గంట చాలు. సగం దుకాణాలు జున్నూ, కత్తులూ అమ్మేవే. మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు, ఎంత బతిమాలినా లాభం లేదు. మేం ఒకటిన్నరకి తడిబట్టలతోనే కూర్చుని త్రుఫాద్ చెప్పాం. వేయించిన బంగాళాదుంపల్లో తాజా జున్ను వేసి కలుపుతారు, గరిటె ఎత్తితే మూరెడు తీగ సాగుతుంది. మామూలుగా పంది మాంసం ముక్కలు వేస్తారు కాబట్టి శాకాహారులు ముందే చెప్పాలి. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. మా బావమరిది మాత్రం ఒక్క పచ్చిమిరపకాయ పడి ఉంటేనా అని తింటున్నంతసేపూ గొణిగాడు.

తిరుగు దారి ఒరియాక్ మీదుగా. గొడుగుల తయారీకి ఫ్రాన్స్ అంతటా పేరున్న ఊరది, ఎందుకో ఆ రోజు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తర్వాత ఎన్122 మీద లియోరాన్ సొరంగం. ఇవతల వైపర్లు కొట్టుకుంటున్న లారీ వెనక లోపలికి దూరాం, అవతల పొడి రోడ్డు మీదకి తేలాం. ఆ ఒక్క మలుపు కోసమైనా ఈ చుట్టు దారి పెట్టుకోవచ్చు.

బసకి వస్తే, మొదటి రాత్రి హైవే పక్క చెయిన్ హోటల్లో దిగాం: చవక, శుభ్రం, చెప్పుకోవడానికి ఇంకేం లేదు. రెండో రాత్రి సాన్ ఫ్లూర్ దగ్గర ఒక రైతు ఇంట్లో గది. ఫ్రాన్స్‌లో వీటిని షాంబ్ర దోత్ అంటారు. ఇద్దరికీ టిఫిన్‌తో కలిపి 78 యూరోలు. ఇంటావిడ మా బూట్లు చూసి, ఒక్క మాట అడక్కుండా పాత పేపర్లు ఉండలు చుట్టి లోపల కుక్కి బాయిలర్ పక్కన పెట్టేసింది, బైకులు కొట్టంలోకి తోయించింది. ఆ హోటల్‌కి, ఈ ఇంటికి రేటులో తేడా పదిహేను యూరోలే. రాత్రి భోజనం కావాలంటే మాత్రం ముందు రోజే ఫోన్ చేసి చెప్పాలి. పల్లెల్లో ఆదివారం రాత్రి, సోమవారం తెరిచి ఉండే భోజన హోటళ్లు బాగా తక్కువ.